ఇజ్రాయెల్ ప్రధానికి బహిరంగ లేఖ

ప్రధాని నెతన్యాహు గారికి,

2024 ఆగస్టు 27న దక్షిణ గాజాలోని సొరంగంలోంచి మీ సైనికులు ఒక బెదూయిన్ (ఎడారి అరబ్ తెగకు చెందిన) కాపలాదారుణ్ణి ప్రాణాలతో తీసుకొచ్చారు. పదకొండు మంది పిల్లల తండ్రి. పది నెలలకు పైగా హమాస్ చెరలో ఉన్నాడు. ఆయన బయటపడ్డాడని విన్నప్పుడు నాకు కళ్లు తడిశాయి.

కానీ ఆయన ఇల్లు రహత్ పట్టణం దగ్గర, మీ ప్రభుత్వం గుర్తించని ఊళ్లో ఉంది. దక్షిణ ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో అలాంటి ఊళ్లలో ఎన్నో ఇళ్లకు కూల్చివేత నోటీసులు ఉన్నాయి. రాకెట్ దాడి సైరన్ మోగితే పరిగెత్తడానికి చాలా చోట్ల షెల్టర్లు లేవు. 2023 అక్టోబర్ 7న రాకెట్లు పడి అక్కడ పిల్లలు కూడా చనిపోయారు.

మిగతా బందీలనూ ఇంటికి తెమ్మని ఆయన మిమ్మల్ని ఫోన్‌లో కోరారు. నేను ఇంకొకటి కోరుతున్నాను. ఆ ఊళ్లను గుర్తించండి. షెల్టర్లు కట్టించండి. ఆ నోటీసులు వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు