కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆదివారం సవారీలు, పిల్లలకు సైకిల్ నేర్పే తరగతులు, రిపేరు శిబిరాలు ఈ ఏడూ ఎప్పటిలాగే సాగాయి. వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. సంఘం గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం శని, ఆదివారాల కుటుంబ సైకిల్ యాత్ర, సైన్స్ మ్యూజియం సందర్శన.

దారి రోజుకు 15 కిలోమీటర్లు మించకుండా వేశాం. పిల్లలున్న గుంపు గంటకు 10 కిలోమీటర్లు దాటడం కష్టం. సిగ్నళ్లు, మంచినీళ్లకు ఆగడం కలిస్తే ఇంకా తగ్గుతుంది. దారి కమిటీ ముందు వారమే, అదే రోజు అదే వేళకు, దారంతా తొక్కి చూసింది. మ్యాపులో కనపడని మెట్లు, తవ్విన రోడ్డు అప్పుడే బయటపడ్డాయి. కమిటీకి కృతజ్ఞతలు.

బయల్దేరే ముందు గాలి, బ్రేకులు, చైను చూడాలన్నది నియమం. టైరు పక్కన అచ్చువేసిన అంకెల ప్రకారం గాలి కొట్టాలి, బొటనవేలితో నొక్కి సరే అనుకుంటే చాలదు. ట్యూబుకు రెండు చిల్లులు పక్కపక్కన పడ్డాయంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై, గుంత అంచు తగిలినప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగిందన్నమాట. ఒకే చక్రం రెండోసారి పంచరైతే ముల్లు టైరులోనే ఉండిపోయిందని అనుమానించాలి. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవండి. గుడ్డ చిక్కుకున్న చోటే ముల్లు దొరుకుతుంది. సొల్యూషన్ రాశాక తడి మెరుపు పోయేదాకా, సుమారు 5 నిమిషాలు ఆగాలి. ఆ ఓపిక లేక అంటించిన ప్యాచీలే ఊడిపోయాయి.

మ్యూజియంలో గంటన్నర, రెండు గదులు. అంతకు మించితే పిల్లలు ఏదీ చూడరు. లోపలికి వెళ్లగానే ఫూకో లోలకం (పొడవాటి తీగకు వేలాడుతూ ఊగే బరువైన గుండు) ఊగే దిశను గుర్తు పెట్టుకుని, వచ్చేటప్పుడు మళ్లీ చూడమన్నాం. 1851లో పారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో చూపించింది ఇదే, భూమి తిరుగుతోందని. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ దిశ గంటకు 7.5 డిగ్రీలు మారుతుంది, గంటన్నరకు 11 డిగ్రీల పైనే. భూమధ్యరేఖ మీద అసలు మారదు.

అందరినీ కదలనివ్వనిది తిరిగే స్టూలు. దాని మీద కూర్చుని, గిర్రున తిరిగే చక్రం ఇరుసును రెండు చేతులా పట్టుకుని పక్కకు వంచితే స్టూలు దానంతటదే తిరుగుతుంది. సైకిల్ పడకుండా ఉండడానికి కారణం ఇదేనని పెద్దలు చెప్పేస్తుంటారు, అది పూర్తి నిజం కాదు. ఆ ప్రభావం రద్దయ్యేలా ఎదురు తిరిగే చక్రాలు అమర్చిన సైకిల్ కూడా మనిషి లేకుండానే నిలబడి దొర్లిందని 2011లో పరిశోధకులు చూపించారు. పడబోయే వైపుకే హ్యాండిల్ తిరగడం ముఖ్యం. బయటికి వచ్చాక ప్రతి పిల్లా పిల్లవాడూ సీటు మాత్రమే పట్టుకుని తన సైకిలును నడిపించి, కుడికి వంచి చూశారు. హ్యాండిల్ కుడికే తిరిగింది. చైను తిరిగే పళ్లచక్రాల పళ్లు కూడా లెక్కపెట్టారు. ముందు 48, వెనక 16 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి సరిచూశారు.

మ్యూజియం దగ్గర సైకిళ్లు నిలిపే చోటు కోసం సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. ఒక్కదానికీ జవాబు లేదు. అందువల్ల ఇద్దరు సభ్యులు రెండు రోజులూ బయటే కాపలా ఉండి, లోపలేముందో చూడనేలేదు. వారికి సంఘం రుణపడి ఉంది. పేర్లిచ్చి ఆదివారం రాని వాలంటీర్లకు ఒక్క మాట. గుంపు చివర తొక్కేవారు లేకపోతే వెనకబడిన పిల్లవాడు ఎవరికీ కనపడడు. రాలేకపోతే ముందురోజు రాత్రికైనా చెప్పండి.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. కోశాధికారి సంతకం, ఆడిటర్ సంతకం ఉన్నాయి. ఆమోదించ ప్రార్థన. పంపులు, టైరు లీవర్లు ఇచ్చినవారికి, నీళ్లు మోసినవారికి, మ్యూజియం సిబ్బందికి ధన్యవాదాలు. సంఘం పంపులు రెండు ఇంకా సభ్యుల ఇళ్లలోనే ఉన్నాయి. సభకు వచ్చేటప్పుడు తెచ్చివ్వగలరు.

— కార్యదర్శి