ఓడ ఆరింటికే వచ్చింది, విమానం మాకు అందలేదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: ఓడ దిగడానికీ విమానం ఎక్కడానికీ మధ్య చాలినంత వ్యవధి లేకుండా ప్రయాణం కుదిర్చినందుకు ఫిర్యాదు, నష్టపరిహారం గురించి.

అయ్యా,

మీ సంస్థ ద్వారా నేనూ మా అమ్మా బార్సిలోనాలో ఓడ ఎక్కి, ఏడు రాత్రుల తర్వాత రోమ్‌లో దిగే క్రూయిజ్‌కి వెళ్లాం. ఓడ టికెట్లు, విమానం టికెట్లు, రేవు నుంచి విమానాశ్రయానికి వ్యాను, అన్నీ మీరే కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మారు. ఓడలో గడిపిన ఏడు రోజుల గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. నేను రాస్తున్నది ఎనిమిదో రోజు పొద్దున గురించి.

మీరిచ్చిన ప్రయాణ పత్రంలో ఆ రోజు కింద రెండే రెండు ముక్కలున్నాయి. "ఉదయం 6.00: రోమ్ చేరిక. ఉదయం 10.55: ఫ్యుమిచీనో నుంచి విమానం." డబ్బు కట్టకముందే నాకు అనుమానం వచ్చి, ఈ టైమ్ సరిపోతుందా అని మీకు మెయిల్ పెట్టాను. "ఓడ ఆరింటికే వస్తుంది కాబట్టి మీకు దాదాపు ఐదు గంటలుంటాయి, కంగారు అక్కర్లేదు" అని మీ ఉద్యోగి జవాబిచ్చారు. ఆ మెయిల్ ఈ లేఖకు జతచేస్తున్నాను. ఆ ఐదు గంటలు ఎక్కడున్నాయో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

మొదటి సంగతి, ఓడ రోమ్‌కి రాదు. చివితావెక్యా రేవుకి వస్తుంది. అది రోమ్‌కి 70 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి నుంచి ఫ్యుమిచీనో విమానాశ్రయానికి రోడ్డు మీద 60 కిలోమీటర్లు దాటుతుంది. పొద్దునపూట గంట తక్కువ కాకుండా పడుతుంది. రైల్లో వెళ్దామన్నా ట్రస్తేవెరె స్టేషన్లో దిగి, పెట్టెలు మోసుకుని ఇంకో రైలు పట్టుకోవాలి. క్రూయిజ్ కంపెనీలు పెద్ద ఊరి పేరు రాసి దూరంగా ఉన్న రేవులో దించడం కొత్త కాదు. లండన్ అంటే సౌతాంప్టన్, ప్యారిస్ అంటే ల హావ్ర్, బెర్లిన్ అంటే వార్నెముండే. 2021 ఆగస్టులో పెద్ద ఓడలను వెనిస్ ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం ఆపేశాక, వెనిస్ అని రాసి ఉన్న ఓడ రవెన్నాలోనో త్రియెస్తెలోనో ఆగవచ్చు. ఈ సంగతి ప్రయాణికుడికి తెలియకపోవచ్చు. ఇదే వ్యాపారంలో ఉన్న మీకు తెలియకుండా ఉండదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఓడ రేవుకి తగిలిన సమయం వేరు, మనిషి పెట్టె పట్టుకుని రేవు బయటకు వచ్చే సమయం వేరు. మీ పత్రం మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంది. ఓడ ఆగాక అక్కడి అధికారులు అనుమతి ఇచ్చేదాకా ఒక్కరినీ దిగనివ్వరు. ఆ తర్వాత కూడా వేలమంది ఒకేసారి దిగరు. గుంపులు గుంపులుగా పిలుస్తారు. పెద్ద పెట్టెలు ముందు రోజు రాత్రే ట్యాగ్ కట్టి క్యాబిన్ తలుపు బయట పెట్టేయాలి. అవి టెర్మినల్‌కి చేరాక మన నంబరు వస్తుంది. లగేజీ మొత్తం తామే మోసుకోగలిగినవాళ్లు అందరికంటే ముందు దిగిపోవచ్చు. మా అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులు. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్‌లోనే రాయించాను. అంటే మేం ఆ ముందు దిగే గుంపులో ఉండలేమని మీకు మొదటి రోజునుంచే తెలుసు.

చివరి రాత్రి మా తలుపు కింద నుంచి లోపలికి తోసిన కాగితంలో మా గుంపు నంబరు 22, దిగే సమయం 8.15 అని ఉంది. అది చూడగానే మీ అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. "అందరూ ఇలాగే వెళ్తున్నారు సార్, ఏం కాదు" అన్నారు. అదే ఫోన్లో విమానం మార్చమని అడిగితే, ఆ టైమ్‌లో వీలుపడదన్నారు.

ఓడ ఆలస్యం కాలేదు. ఇది మీరు ప్రత్యేకంగా గమనించాలి. తిరిగొచ్చాక నేను ఫిర్యాదు చేస్తే, మీ మొదటి జవాబులో "ఓడ ఆలస్యాలు మా చేతిలో ఉండవు" అని రాశారు. ఆరింటికి పది నిమిషాల ముందే ఓడని రేవుకి కట్టేశారు. నేను డెక్ మీద నిలబడి చూశాను. 8.20కి మమ్మల్ని పిలిచారు. టెర్మినల్ హాల్లో వందల పెట్టెలు వరుసలుగా నిలబెట్టి ఉన్నాయి, సగానికి సగం నలుపువే. అమ్మ పెట్టె దొరికింది గానీ నాది 22 వరుసలో లేదు. పక్క వరుసల్లో వెతికితే చివరికి 27లో కనబడింది, ట్యాగ్ సగం చిరిగి. వీల్‌చెయిర్‌ని ఓడవాళ్లు హాలు దాకానే ఇచ్చి వెనక్కి తీసుకెళ్లారు. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ తన పెట్టె మీదే కూర్చుని, రెండు పాస్‌పోర్టులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. "ఇంకా ఎంతసేపట్రా?" అని అడిగింది. అప్పుడు టైమ్ 8.55.

మీరు పెట్టిన వ్యాను సిద్ధంగానే ఉంది. డ్రైవర్ చాలా మంచిగా నడిపాడు. ఫ్యుమిచీనోలో మమ్మల్ని దింపేసరికి 10.10. మా విమానానికి లగేజీ తీసుకోవడం బయల్దేరే గంట ముందు, అంటే 9.55కి ఆపేశారు. కౌంటర్ దగ్గర స్క్రీన్ మీద అప్పటికే ఇంకో విమానం నంబరు ఉంది. ఆ అమ్మాయిని ఎంతో బతిమాలాను. ఆవిడ తప్పేమీ లేదు.

ఇప్పుడు ఈ లెక్క వెనకనుంచి చేసి చూడండి. 9.55కి కౌంటర్ మూస్తారు. వీల్‌చెయిర్ మనిషితో కనీసం అరగంట ముందు అక్కడ ఉండాలి. రోడ్డు మీద గంటా పది నిమిషాలు. అంటే 8.15కల్లా పెట్టెలతో సహా వ్యానులో కూర్చుని ఉండాలి. మమ్మల్ని ఓడ దిగమన్న సమయమే 8.15. నా పెట్టె తప్పిపోకపోయినా, దారిలో ఒక్క బండి అడ్డం రాకపోయినా, ఆ విమానం దొరకడం గగనమే. మాకు కలిసిరాకపోవడం అనే మాట ఇక్కడ కుదరదు. మీరు వేసిన ప్రణాళికలోనే చోటు లేదు.

మొదటి విమానం ఎక్కనందుకు మమ్మల్ని నో షో కింద రాసి, అదే టికెట్ మీద ఉన్న రెండో విమానం కూడా రద్దు చేశారు. విమానం ఆలస్యమైతే, రద్దయితే ఐరోపాలో ప్రయాణికుడికి 2004 నాటి 261వ నిబంధన రక్షణగా ఉంటుంది. కానీ మేం వేళకు రాకపోవడం విమాన కంపెనీ తప్పు కాదు గనక మాకు అందులో దక్కేది ఏమీ లేదు. ఓడ కంపెనీ కూడా తాము చెప్పిన వేళకే దించామంటుంది, అదీ నిజమే. ఈ రెండింటినీ కలిపి కుట్టింది మీరు. కాబట్టి అడగాల్సింది మిమ్మల్నే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి ఉంది. వెళ్లేటప్పుడు మీరే మమ్మల్ని బార్సిలోనాకి ఒక రోజు ముందు పంపించారు. "ఓడ ఎవరి కోసమూ ఆగదు, ఒక రోజు చేతిలో ఉంచుకోండి" అని మీ మనిషే చెప్పారు. చాలా మంచి సలహా అది, నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆ జాగ్రత్త తిరుగు ప్రయాణానికి ఎందుకు లేకపోయింది? ఓడ దిగే రోజు మధ్యాహ్నం 12 తర్వాత బయల్దేరే విమానమే తీసుకోమని చెప్పడం ఈ రంగంలో మామూలే. రేవు పక్కనే విమానాశ్రయం ఉన్న, అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ లాంటి చోట పదకొండు తర్వాతి విమానం కుదరవచ్చు. చివితావెక్యా అలాంటిది కాదు. ఇక్కడ రెండు దాటాక బయల్దేరే విమానమో, లేదా ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాటి విమానమో ఇచ్చి ఉండాల్సింది. ఆ ఒక్క రాత్రికి అయ్యే ఖర్చు మీరు అప్పుడే చెప్పి ఉంటే సంతోషంగా కట్టేవాణ్ణి.

నేను కోరేవి ఇవి. మర్నాటికి కొన్న రెండు కొత్త టికెట్ల పూర్తి ధర, ఆ రాత్రి హోటల్ బిల్లు, హోటల్‌కి రానుపోను టాక్సీ ఖర్చు తిరిగి ఇవ్వాలి. రసీదులన్నీ జతచేశాను. దాంతోపాటు, వీల్‌చెయిర్ అడిగిన ప్రయాణికురాలికి ఈ విమానం ఎవరు, ఏ లెక్క మీద ఎంచారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇదే ఓడకి ఇదే 10.55 విమానం కలిపి మీరు ఇంకా అమ్ముతున్నారు; నిన్న కూడా చూశాను. దయచేసి దాన్ని వెంటనే ఆపండి. ఇప్పటికే కొనేసినవాళ్లకు ఫోన్ చేసి, అదనపు డబ్బు అడక్కుండా విమానం మార్చండి. వాళ్లలో మా అమ్మలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు.

15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకమైన జవాబు రావాలి. రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ ప్యాకేజీ ప్రయాణికుడు

జతపరచినవి: మీ ప్రయాణ పత్రం, బుకింగ్‌కి ముందు జరిగిన మెయిళ్లు, ఓడవాళ్లు ఇచ్చిన దిగే సమయం కాగితం, చిరిగిన లగేజీ ట్యాగ్ ఫోటో, కొత్త టికెట్లు, హోటల్, టాక్సీ రసీదులు.