దరఖాస్తుకు గడువుంది, డబ్బుకు లేదు

సంపాదకుడు గారికి,

నేను పరకాలలో మీసేవ కేంద్రం నడుపుతున్నాను. కాలేజీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే మా దగ్గర ఈపాస్ (ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) కోసం వచ్చే పిల్లలే ఎక్కువ. పేద పిల్లల కాలేజీ ఫీజును ప్రభుత్వమే కట్టే ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి పత్రికల్లో రోజూ చదువుతున్నాం. కాలేజీల యాజమాన్యాలు ఏమంటున్నాయో, ప్రభుత్వం ఏమంటోందో వస్తోంది. దరఖాస్తు పెట్టిన పిల్లల సంగతి మాత్రం ఎక్కడో చివర్లో రెండు లైన్లు ఉంటుంది.

ఆ దరఖాస్తే చిన్న పని కాదు. కులం సర్టిఫికెట్ కావాలి, ఆదాయం సర్టిఫికెట్ కావాలి. ఆదాయం దానికి గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ అయ్యాక తహసీల్దార్ సంతకం పడాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ ఉండాలి. వేలిముద్ర వేయాలి, ప్రింటవుట్ కాలేజీలో ఇవ్వాలి, వాళ్లు ఆన్‌లైన్‌లో ముందుకు పంపాలి, ఆపైన జిల్లా సంక్షేమ శాఖ మంజూరు చేయాలి. మరుసటి ఏడు మళ్లీ రెన్యువల్, దానికి 75 శాతం హాజరు.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ఒక్క అక్షరంతో పడుతుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. రెండూ కలవకపోతే దరఖాస్తు ఆగిపోతుంది. ఇక పుట్టిన తేదీ. చిన్నప్పుడు ఆధార్ తీసినవాళ్లు తేదీ తెలియక జనవరి 1 అని కొట్టేశారు. మా మండలంలో సగం మంది ఆ రోజే పుట్టారా అనిపిస్తుంది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, అందులోనూ తప్పు పడితే ఆ పిల్లవాడి తిప్పలు చెప్పనలవి కాదు. పదో తరగతి పరీక్షలకు బడి నుంచి పేర్లు పంపేటప్పుడే ఆధార్ పక్కన పెట్టుకుని సరిచూస్తే ఈ గొడవలో చాలా భాగం ఉండదు. హెడ్మాస్టర్లు దయచేసి గమనించాలి.

ఇన్ని చేసినా పిల్లవాడికి ఆఖరు తేదీ ఉంటుంది. మళ్లీ పొడిగిస్తే సరే, లేకపోతే ఆ ఏడాది ఫీజు పోయినట్టే. మంజూరైన డబ్బు కాలేజీకి ఎప్పుడు చేరాలో చెప్పే ఆఖరు తేదీ మాత్రం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన పథకం ఇది. దీనివల్ల కూలీల ఇళ్లలో ఇంజనీర్లు తయారయ్యారు, కాదనను. కానీ బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టేదాకా వచ్చింది. అప్పుడు కొంత విడుదల చేస్తామన్నారు, బంద్ ఆగింది. మిగతాది ఎప్పుడన్నది పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

దీని దెబ్బ ఎవరి మీద పడుతుందో నేను రోజూ చూస్తున్నాను. శాయంపేట వైపు నుంచి వచ్చే ఒక బీసీ అమ్మాయి బీటెక్ పూర్తి చేసింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ఆమె ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి ఏడాదికి 35 వేలే వస్తాయి, ఆపై ఫీజు తండ్రి ముందే కట్టాడు. చివరి రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ మంజూరైనట్టు ఆన్‌లైన్‌లో కనిపిస్తోంది, కాలేజీకి మాత్రం రాలేదు. కాలేజీ వాళ్లేమో ఆ 70 వేలు కడితేనే మెమోలు, టీసీ ఇస్తాం, సర్కారు డబ్బు వచ్చినప్పుడు మీది మీకు ఇస్తాం అన్నారట. ఉద్యోగంలో చేరేందుకు సర్టిఫికెట్లు అడుగుతున్నారని తండ్రి నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి (వడ్డీకి) అప్పు తెచ్చాడు. నెలకు 2,100 మిత్తి. ఈ మిత్తిని ఏ పథకం రీయింబర్స్ చేస్తుంది?

కాలేజీలకూ ఇబ్బంది ఉంది. జీతాలు అందని లెక్చరర్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అయినా బాకీ పడ్డది ప్రభుత్వం, ఆ పిల్ల కాదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే స్పష్టంగా చెప్పింది. దాన్ని అమలు చేయించే అధికారి ఎవరని అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు.

ఆదాయ పరిమితి గురించి కూడా ఒక మాట. బీసీలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రోజుకు 400 చొప్పున 200 రోజులు కూలికి పోతే 1,60,000 అవుతుంది, అంటే పల్లెలోని కూలీ కుటుంబం పరిమితి దాటిపోయినట్టే. అందుకే సర్టిఫికెట్లలో ఏం రాస్తారో అందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ప్రభుత్వాన్ని నేను కొత్త పథకం అడగడం లేదు. మంజూరైన ఫీజును ఏడాదిలో రెండు విడతలుగా, ముందే ప్రకటించిన తేదీల్లో కాలేజీలకు ఇవ్వాలి. బిల్లు ఏ దశలో ఉందో పిల్లవాడు తన ఫోన్‌లో చూసుకునేలా పెట్టాలి. అప్పటిదాకా, మంజూరు ఉత్తర్వు చూపించిన విద్యార్థి దగ్గర ఆ మొత్తం అడగకుండా సర్టిఫికెట్లు ఇవ్వాలని కలెక్టర్లు లిఖితపూర్వకంగా కాలేజీలకు చెప్పాలి. కలెక్టరు ఇచ్చే ఆ ఉత్తర్వు కాపీ ఒకటి మా మీసేవ కేంద్రాలకు పంపితే గోడకు అంటిస్తాం.

– ఒక మీసేవ నిర్వాహకుడు,
పరకాల, హనుమకొండ జిల్లా