కొబ్బరిచెట్టు లేని సీనరీలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి మామూలు విషయాలు చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ముందు డ్రాయింగ్ క్లాసు గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఈ మధ్య గేటు దగ్గర నన్ను ఆపి మీరు అడుగుతున్న వాటిలో సగం దాని గురించే. "మావాడు చెట్టు వేస్తే ఆకులే ఉండట్లేదేంది సార్", "నది వేసుకురమ్మంటే పేజీ నిండా ఇసుక వేసింది, బ్లూ కలర్ అయిపోయిందా" అని. బ్లూ కలర్ అయిపోలేదండీ. కావాలనే వేశారు.

మీ ఇంట్లో పోయినేడాది డ్రాయింగ్ పుస్తకం ఉంటే తీసి చూడండి. సీనరీ అనగానే రెండు త్రికోణాల కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, మెలికలు తిరిగే నది, ఓ గుడిసె, పక్కనే వంగిన కొబ్బరిచెట్టు, పైన నాలుగు టిక్కు మార్కుల్లాంటి పక్షులు. మీరూ నేనూ కూడా చిన్నప్పుడు అదే వేశాం, కాదనను. కానీ మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరోంచలో పుట్టిన పిల్లకి కొబ్బరిచెట్టు ఎక్కడ కనిపించింది? ఎవరి పెరట్లోనైనా ఒకటీ అరా ఉందేమో. మన దగ్గర ఉండేవి తాటిచెట్లు, తుమ్మలు, ఊరు దాటితే టేకు, ఇప్ప, మద్ది, తునికి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంటున్నాం, ఎదురుగా కాళేశ్వరం కనిపిస్తుంది, అలాంటి చోట పెరిగే పిల్లలు ఎవరో ఎప్పుడో వేసిన నదిని చూసి దింపుతున్నారంటే నాకు బాధగానే ఉండేది.

ఇక పర్యావరణ దినోత్సవం వస్తే పోస్టర్లు. భూగోళానికి కళ్ళూ ముక్కూ పెట్టి, నోట్లో థర్మామీటర్ పెట్టి, కింద "చెట్లను కాపాడండి". ఏటా అదే, పిల్లలు మారతారు అంతే. మరాఠీలో పర్యావరణం మీద నిబంధ్, అంటే వ్యాసం, రాయమంటే గైడ్‌లోది ఎలా దింపుతారో ఇదీ అలాగే. పిల్లల తప్పేం లేదు, మనం అడిగిందే వాళ్ళు ఇచ్చారు. అందుకే ఈ ఏడాది ఐదు నుంచి ఏడో తరగతి దాకా, బ్రష్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాని పిల్లలతో సహా, మా డ్రాయింగ్ మేడమ్ నినాదాలు మాన్పించారు. బొమ్మలో అక్షరం ముక్క ఉండకూడదు. చెప్పాలనుకున్నది నేల, నీళ్ళు, ఆకాశం, చెట్టు, వీటితోనే చెప్పాలి. ఇంకో షరతు, కంటితో చూసినదైనా అయ్యుండాలి, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నదైనా అయ్యుండాలి.

చూడడం ఎలా నేర్పుతారని అడిగారు ఒకరు. పాత నోటుబుక్కు అట్టలో అగ్గిపెట్టంత కిటికీ కోసి, దాన్ని ఒక కంటి ముందు పెట్టుకుని చూడమంటారు. కళ్ళెదుట ఇంత పెద్ద నది ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక పిల్లలు బిక్కమొహం వేస్తారు, అదే కిటికీలోంచి చూస్తే ఏది ఉంచాలో ఏది వదిలేయాలో వాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆకాశమూ నేలా కలిసే గీత. పిల్లలందరూ దాన్ని పేజీకి సరిగ్గా మధ్యలో గీస్తారు. దాన్ని పైకి జరిపితే నేల పెద్దదవుతుంది, కిందికి దింపితే ఆకాశం పెద్దదవుతుంది, నీకు ఏది ముఖ్యమో దాన్నిబట్టి పెట్టుకో అని మేడమ్ చెప్పింది అంతే. ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఆ గీతని పేజీకి పైన వేలెడు దూరంలో గీసింది. మిగతా పేజీ అంతా ఇసుక. ఆ ఇసుకలో లారీ టైర్ల జాడలు, దగ్గరగా ఉన్నవి వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, చివరికి ఒక చిన్న నీటి చారలో కలిసిపోతూ. లారీ లేదు. మనిషి లేడు. నేను ఆ బొమ్మ ముందు నిలబడి కాసేపు ఏం మాట్లాడలేదు. ఇసుక లారీల గురించి మనం చాయ్ హోటళ్ళలో ఎంత మాట్లాడుకున్నామో, అదంతా ఆ పేజీలో ఉంది. బ్లూ కలర్ గురించి అడిగిన తల్లి ఈ అమ్మాయి తల్లే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రంగుల దగ్గరికొస్తే, బాక్సులో రెండు రకాల ఆకుపచ్చ బిళ్ళలు ఉంటాయి కదా, వాటిని ముట్టుకోనివ్వడం లేదు. పసుపూ నీలమూ కలిపి పచ్చ చేసుకోవాలి, అందులో చిటికెడు ఎరుపు కలిపితే అది ముదురుతుంది, ఇంకాస్త కలిపితే ఎండుటాకు రంగులోకి తిరుగుతుంది. మాఘమాసంలో టేకు ఆకు, వానాకాలంలో టేకు ఆకు ఒకే రంగులో ఉండవని పిల్లలకి తెలుసు, కానీ బిళ్ళలోంచి నేరుగా తీసుకుంటే రెండూ ఒకే పచ్చగా పడతాయి. లేత టేకాకు నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది కదా, ఒకడు ఆ రసంతోనే పొద్దుగూకే ఆకాశం వేశాడు. ఆ రంగు నిలవదు, వెలిసిపోతుంది, ఆ సంగతి ముందే చెప్పాం, అయినా వేస్తానన్నాడు. ఎర్రమట్టి, నది ఒడ్డు నల్లమట్టి, పసుపు, బొగ్గు, వీటిని మెత్తగా నూరి, వడగట్టి, తుమ్మజిగురు నీళ్ళలో కలిపితే మంచి రంగులవుతాయి. జిగురు లేకపోతే ఆరాక పొడిలా రాలిపోతుంది, అదొక్కటే జాగ్రత్త. కాబట్టి ఖరీదైన రంగులు కొనలేమని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. దూరంగా ఉన్న కొండల్ని లేత నీలంగా వేయాలని డ్రాయింగ్ పుస్తకాలన్నీ చెప్తాయి. మధ్యలో ఉన్న గాలి నీలం వెలుతురుని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే దూరపు కొండ నీలంగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. మేడమ్ ఇదే చెప్పి గట్టు మీద కూర్చోబెడితే, ఏడో తరగతి పిల్లలు అవతలి కొండలు నీలంగా లేవు మేడమ్, బూడిద రంగులో ఉన్నాయన్నారు. నిజమే. ఇప్పపూల కాలం, పూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు, తునికి చిగురు బాగా రావాలని కూడా అక్కడక్కడా నిప్పు పెడతారు, ఒక్కోసారి అది చేయి దాటిపోతుంది. పొగలోని నలుసులు గాలి అణువుల కంటే చాలా పెద్దవి, అవి అన్ని రంగుల వెలుతురునీ దాదాపు సమానంగా చెదరగొడతాయి, కాబట్టి నీలం పోయి తెల్లటి మసక మిగులుతుంది. సైన్స్ సార్ ఆ రోజు తన పీరియడ్ కూడా మాకే ఇచ్చేశారు.

క్లాద్ మోనే అని ఫ్రాన్స్ చిత్రకారుడు, 1899 నుంచి 1901 మధ్య మూడుసార్లు లండన్ వెళ్ళి థేమ్స్ నదిని మళ్ళీ మళ్ళీ వేశాడు, బొగ్గు పొగా మంచూ కలిసిన ఆ మసక కోసమే. ఆయన బొమ్మల్నీ, అంతకు ముందరి ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ బొమ్మల్నీ తీసుకుని, ఆ కాలంలో గాలిలోకి వెళ్ళిన సల్ఫర్ డయాక్సైడ్ లెక్కలతో పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. కాలుష్యం పెరిగేకొద్దీ బొమ్మల్లో గీతలు మసకబారాయట, రంగులు తెల్లబడ్డాయట. అంటే ఆయన ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా కనిపించింది వేస్తే వందేళ్ళ తర్వాత అది సాక్ష్యంగా పనికొచ్చింది. మన పిల్లల బూడిద కొండలు కూడా అలా పనికొస్తాయేమో, ఎవరు చూడొచ్చారు, తేదీలు మాత్రం వెనకాల రాయిస్తున్నాం.

ఇంకో బొమ్మ కూడా టీవీ మీద చూపించాం. అమెరికాలో థామస్ కోల్ 1836లో వేసింది, కొండ మీంచి చూస్తే కింద వంపు తిరిగిన కనెక్టికట్ నది. ఎడమవైపు వాన మబ్బు, విరిగిన మాను, అడవి. కుడివైపు ఎండ, చదును చేసిన పొలాలు. రెండూ ఒకే బొమ్మలో. ఏది మంచిదో ఆయన చెప్పలేదు, చూసేవాళ్ళు కొట్టుకోవాలి. మా క్లాసులో నిజంగానే కొట్టుకున్నారు, పొలం లేకపోతే అన్నం ఎక్కడిదని ఒక జట్టు, అడవి పోతే వాన ఎక్కడిదని ఇంకో జట్టు. మధ్యలో బండల్లో చిన్నగా కూర్చుని బొమ్మ వేసుకుంటున్న చిత్రకారుడు ఉంటాడు, అతన్ని మాత్రం అందరికంటే ముందు వెనకబెంచీ వాడు పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంటి పని ఇచ్చాం, ఒకే చోటుని రెండు పేజీల్లో వేయాలి, ఇప్పుడు ఎలా ఉందో ఒకటి, నానమ్మో తాతో చిన్నప్పుడు ఎలా ఉండేదో ఒకటి. మీలో చాలామంది ఇళ్ళల్లో రాత్రిళ్ళు దీనిమీదే మాటలు నడిచాయని విన్నాను. నది ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని కుండ నింపుకునేవాళ్ళమని ఒక నానమ్మ చెప్పిందట. ఆ మనవడు చెలిమె అంటే ఏంటో తెలీక, అడిగి, మళ్ళీ అడిగి, చివరికి నానమ్మనే పెరట్లో గుంత తీసి చూపించమన్నాడట. వంతెన రాకముందు పడవల్లో కాళేశ్వరం వెళ్ళిన రోజులు ఇంకొకరు వేశారు. 2022 చాలామంది బొమ్మల్లోకి వచ్చింది, ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, మళ్ళీ జులైలో అంత వరద. ఒకే నది, ఒకే ఏడాది. పుష్కరాల బొమ్మలో జనం కంటే ఒడ్డున మిగిలిన కవర్లూ పేపరు ప్లేట్లే ఎక్కువ వేశాడొకడు, వాళ్ళ నాన్న కొంచెం నొచ్చుకున్నారు గానీ, ఉన్నదే వేశాడు కదా అని నేను సర్దిచెప్పాను.

ఇక అభ్యంతరాలు. గోదావరి మీద తెలంగాణ ప్రభుత్వం కట్టిన మేడిగడ్డ బ్యారేజీ బొమ్మలు వస్తున్నాయి, స్కూల్లో రాజకీయాలేంటని ఇద్దరు ముగ్గురు అడిగారు. 2019 జూన్‌లో దాన్ని ప్రారంభించారు, 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాయి, ఇవి పేపర్లలో వచ్చిన సంగతులే. బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ళు పొలాల్లోకి వచ్చిన ఇళ్ళ పిల్లలు మన స్కూల్లో ఉన్నారు, దాన్ని చూడ్డానికి సరదాగా ఆదివారం వెళ్ళొచ్చిన పిల్లలూ ఉన్నారు. మునిగిన చేను వేసినా వేయనిస్తాం, గేట్ల వరస వేసినా వేయనిస్తాం. ఫలానాది వేయమని టీచర్ చెప్పరు, ఎవరినీ తిట్టే బొమ్మ ఉండదు, ఈ రెండింటికీ నాది పూచీ. అంతకుమించి పిల్లల కళ్ళకి గంతలు కట్టమంటే నా వల్ల కాదు.

ఎండిన చెట్టు బొమ్మ ఇంట్లో గోడకి పెడితే మంచిది కాదని ఒక అమ్మ అన్నారు. పెట్టకండి, స్కూల్ గోడకి పెడతాం. పిల్లలు భయపడిపోతారేమో అన్న ప్రశ్న మాత్రం సరైనది, దాని గురించి మేమూ ఆలోచించాం. అంతా పోయింది, ఇక ఏం లేదు అన్నట్టు చెప్పడం లేదు. ప్రతి బొమ్మలో ఇంకా బతికున్నది ఒక్కటైనా వెతకమంటున్నాం, లారీ టైర్ల జాడలు వేసిన అమ్మాయి కూడా ఆ నీటి చారలో ఒంటికాలి మీద ఒక కొంగని నిలబెట్టింది.

గ్రేడ్ పరీక్ష సంగతి. పదో తరగతిలో డ్రాయింగ్ గ్రేడ్‌కి అదనపు మార్కులు వస్తాయి కాబట్టి మహారాష్ట్ర ప్రభుత్వం పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షల ప్రాక్టీసు మానేశారా అని అడుగుతున్నారు. మానలేదు, ఏడు, ఎనిమిది తరగతులకి శనివారం విడిగా జరుగుతోంది. పైగా అందులో మెమరీ డ్రాయింగ్ అని ఒక పేపరే ఉంది. కళ్ళతో బాగా చూసి గుర్తుపెట్టుకున్న పిల్లకి అందులో ఏ గైడూ అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం మేడమ్‌కీ నాకూ కుదరలేదు. ఐదో తరగతి పిల్లాడు ప్రాణహిత ఒడ్డున డైనోసార్ వేశాడు. చూసిందీ కాదు, నానమ్మ చెప్పిందీ కాదు, షరతు ప్రకారం చెల్లదని మేడమ్. వడధం ఫాసిల్ పార్కు మన పక్కనే ఉంది, బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికింది మన తాలూకాలోనే, ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది, కాబట్టి చెల్లుతుందని నేను. ప్రస్తుతానికి బొమ్మ నా గదిలో ఉంది.

మిగతావి. బొమ్మల ప్రదర్శన ఈ నెల ఆఖరి శనివారం పొద్దున, తిథి భోజనం, అంటే ఊళ్ళోవాళ్ళు బడి పిల్లలకి పెట్టే భోజనం, కూడా ఆ రోజే. తాతల్ని, నానమ్మల్ని తప్పకుండా తీసుకురండి, పాత నది గురించి చెప్పేవాళ్ళు కావాలి. గట్టు దగ్గర క్లాసుకి పంపే అనుమతి చీటీ సంతకం చేసి ఇవ్వనివాళ్ళు వెంటనే ఇవ్వండి, పిల్లల్ని నీళ్ళ దాకా పోనివ్వం, ఇద్దరు టీచర్లు వెంట ఉంటారు. పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డు మీద పెట్టాం. రంగులు వేసే రోజున యూనిఫాం మీద వేసుకోవడానికి నాన్నది పాత చొక్కా ఒకటి పంపండి. పెన్సిళ్ళు చెక్కడానికి బ్లేడు పంపొద్దు, షార్పనర్ పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు