ఆ రోజు మెట్ల మీద నా పక్కన కూర్చున్న అక్కకి

మీ పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకు తెలుసు.

ఆఫీసు మెట్ల మీద కూర్చుని, మా మేనేజర్ నన్ను వేధిస్తూ పంపిన మెసేజ్‌లు ఒక్కొక్కటే డిలీట్ చేస్తున్నాను. మీది వేరే డిపార్ట్‌మెంట్, మన మధ్య ముఖపరిచయం తప్ప మాటల్లేవు. పక్కన కూర్చుని "ఆగమ్మా, అవే నీ సాక్ష్యం" అన్నారు. మిగిలినవాటికి స్క్రీన్‌షాట్లు తీయించారు. మీ డైరీలోంచి కాగితం చింపి, ఏ రోజు, ఎక్కడ, ఎవరు చూశారు అని వరసగా నాతోనే రాయించారు. రెండుసార్లు పెన్ను పక్కన పెట్టేశాను. మీరు తొందరపెట్టలేదు.

పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టం గురించి అప్పటిదాకా నాకు తెలిసింది గోడమీది పోస్టరే. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి ఆఫీసులోనే ఉండే అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలని, తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా గడువు పెంచవచ్చని మీరే చెప్పారు. నాకప్పటికే రెండున్నర నెలలు దాటాయి! "నిరూపించలేకపోతే నా మీదికే వస్తుందేమో" అన్నాను. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినవాళ్లపై చర్య తీసుకోనక్కర్లేదని చట్టంలోనే ఉన్న వాక్యం చూపించారు. విచారణ నడుస్తున్నప్పుడు బదిలీ గానీ, 3 నెలల వరకు సెలవు గానీ రాసి అడగొచ్చని కూడా. ఆ రాత్రి నిద్రపట్టింది.

"ఎందుకొచ్చిన గొడవ, సర్దుకుపో" అన్నవాళ్లు చాలామందే. నిజం చెప్పాలంటే వాళ్ల మీద కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు వేరే టీమ్‌లో ఉన్నాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది, పైన మీ చేతిరాతలో 'తేదీ' అన్న ఒక్క మాటతో. థాంక్స్ అక్కా.