ఆస్పత్రికి చేరాక ఏం జరిగిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పురుగుమందు తాగిన వాళ్ల గురించి వార్త వస్తే అప్పులనో, ఇంట్లో గొడవలనో రాసి వదిలేస్తారు, ఆస్పత్రికి చేరాక వైద్యం ఎలా జరిగిందో ఒక్క ముక్క ఉండదు. మా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి లెక్కలే చూడండి. 1997 నుంచి 2002 వరకు 8,040 మంది చేరితే నూటికి 22 మందికి పైగా చనిపోయారు. అక్కడ విరుగుడు మందు అట్రోపిన్ చాలామందికి తక్కువ మోతాదులో, అందరికీ ఒకే లెక్కన ఇచ్చారని ఈ లెక్కలిచ్చిన 2005 నాటి పరిశోధనలోనే ఉంది.

ఈ విషంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడని మనిషికి ఆ నీరు ఆరేదాకా అట్రోపిన్ పెంచుతూ పోవాలి కదా! బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ డాక్టర్లు చేసింది అదే. ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ, ఛాతీ తేలికపడ్డాక సెలైన్‌లా ఎక్కించారు. పాత పద్ధతిలో 22.5 శాతం ఉన్న మరణాలు ఇలా చేసిన వాళ్లలో 8 శాతమే. 2012లో వచ్చిన ఫలితం ఇది, మందు పాతదే, ధరా తక్కువే.

పామ్ (ప్రాలిడాక్సిమ్) అనే మరో విరుగుడు ఇంజెక్షన్ సంగతి వేరు. మహారాష్ట్రలోని బారామతిలో పనిచేసిందన్నారు, శ్రీలంకలో లాభం కనిపించలేదన్నారు. దానికోసం అప్పు చేసి పరుగెత్తే బంధువులను చూస్తే బాధేస్తుంది.

ఇంకోటి, ఊళ్లో ఇప్పటికీ ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తారు. స్పృహ సరిగా లేని మనిషికి ఆ కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దయచేసి అదేమీ చేయకుండా 108కి ఫోన్ చేసి, తాగిన పురుగుమందు డబ్బా వెంట తీసుకెళ్లమని మీ జిల్లా పేజీలో ఒక బాక్స్ వేయండి.

— ఒక పాఠకుడు, హనుమకొండ