మొదటి ఏడాదే వాళ్ల చేతికి పని నేర్పించండి

గౌరవనీయులైన కర్ణాటక వైద్య విద్యా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బెంగళూరులో ఎమర్జెన్సీ వార్డు నర్సును. సెలవు రోజుల్లో నర్సింగ్, పారామెడికల్ మొదటి సంవత్సరం పిల్లలకు సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం), ప్రథమ చికిత్స నేర్పడంలో సాయపడుతుంటాను. వాళ్లలో అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది.

పుస్తకంలో ఉన్నది అడిగితే తడుముకోరు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. అన్నీ గడగడా చెప్పేస్తారు. సాధన కోసం పెట్టే మనిషి బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టగానే మోచేతులు వంగిపోతాయి. నొక్కిన ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వరు. అది లేవకపోతే గుండెలోకి రక్తం సరిగా నిండదు. తరగతికంతా ఒకే బొమ్మ ఉంటే, వెనక వరుస పిల్లలు చూసి వెళ్లిపోవడమే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఎగశ్వాస. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో నోరు తెరిచి అప్పుడొకటి, అప్పుడొకటి గుటకలు వేసినట్టు ఊపిరి లాగవచ్చు. "ఊపిరి ఆడుతోంది కదా మేడమ్" అని పిల్లలు ఆగిపోతారు. ఆగకూడదు. ఆ తేడా పట్టాలంటే అలాంటి మనుషుల్ని చూసినవాళ్లు పక్కనుండి చెప్పాలి. మూర్ఛ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ చూసినవే. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూసుకోవాలని ఒక్కసారి పాఠం చెబితే ఆ అలవాటు పోదు.

గుండె ఆగాక సీపీఆర్, గుండెకు ఇచ్చే కరెంటు షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అంబులెన్స్ వచ్చేలోపు ఎన్ని నిమిషాలు పోతాయో మీకు తెలుసు. ఆ రోడ్డు మీద ఈ పిల్లలే ఉండొచ్చు.

అందుకే అడుగుతున్నాను. ప్రతి విద్యార్థీ స్వయంగా బొమ్మ మీద చేసి చూపించాకే మొదటి ఏడాది పాసయ్యేలా నిబంధన పెట్టండి. దానికి తగినన్ని బొమ్మలు కాలేజీల్లో ఉన్నాయో లేదో తనిఖీ చేయించండి. నేర్చుకున్నది కొన్ని నెలల్లోనే మరుపున పడుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చేయించండి. ఆరోగ్య శాఖతో మాట్లాడి, 108 సిబ్బంది నేర్పడానికి వచ్చిన గంటలను డ్యూటీగా లెక్క వేయించండి. ఇప్పుడు నాతో వచ్చేవాళ్లు నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వస్తున్నారు. కన్నడంలోనూ తెలుగులోనూ వివరించే వీలుంటే పిల్లలు ధైర్యంగా ప్రశ్నలు అడుగుతారు, ఇది నేను కళ్లారా చూస్తున్నదే.

కొత్త బ్యాచ్ చేరేలోపు ఉత్తర్వు ఇప్పించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఎమర్జెన్సీ వార్డు నర్సు,
బెంగళూరు